మందు కొట్టని సాళ్లు

పోయిన వారం సుజనను మనం నవ్వుమొహంతో వదిలిపెట్టాం. ఎమ్మెస్సీ అయిపోయింది, పీహెచ్‌డీకి ఇప్పుడే పోవాలా, రెండేళ్లు ఎక్కడైనా ఉద్యోగం చేసి పోవాలా అని నెలల తరబడి నలిగిన పిల్ల, చివరికి ‘ఇప్పుడే’ అని తేల్చుకుంది. హైదరాబాద్‌లో సీటొచ్చింది. సోమవారం పొద్దున పదింటికల్లా వెళ్లి చేరాలి. సత్తుపల్లి పక్కనున్న వాళ్ల ఊళ్లో తల్లి సీతారావమ్మ కూతురికి కట్టివ్వడానికి కారప్పొడి దంచుతోంది. తండ్రి చెంచురామయ్య అయితే దారిన పోయేవాళ్లను ఆపి మరీ, “మా అమ్మాయి డాక్టరవుతోంది. మనుషుల డాక్టరు కాదులే, పురుగుల డాక్టరు” అని చెప్పుకుంటున్నాడు. ఊరు నవ్వితే ఆయనకు ఇంకా హుషారు.

ఆ హుషారు శనివారం మధ్యాహ్నం దాకా నిలిచింది.

ఏం జరిగిందో చెప్పేముందు ఆ సీటు ఎలా వచ్చిందో ఒకసారి గుర్తు చేసుకోవాలి. నల్ల తామర పురుగు వచ్చిన నాటి నుంచి ఈ ప్రాంతంలో మిరప వేసినవాడికి కంటిమీద కునుకు లేదు. పూతలో దూరి పూతంతా రాల్చేస్తుంది. దమ్మపేట దాటాక అడవి అంచున ఇప్పలగూడెం అని ఒక కోయ ఊరుంది. అక్కడ బొజ్జయ్య పెరట్లో, వాళ్ల తాతల నాటి నుంచి వేసుకునే పొట్టి మిరప ఉంది. దానికి మందు కొట్టడం ఆ ఊళ్లో ఎవరూ ఎరగరు. సుజన ఆ విత్తనం అడిగి తెచ్చి, కిందటేడు నాన్న పొలంలోనే మూడు మడులు వేసింది. ఒక మడిలో కంపెనీ మిరపకు మందు కొట్టారు. రెండో మడిలో అదే కంపెనీ మిరపను మందు లేకుండా వదిలేశారు. మూడో మడిలో అడవి మిరప, దానికీ మందు లేదు. రెండో మడి సర్వనాశనమైంది. మూడో మడి పచ్చగా నిలబడింది.

ఆమె గైడ్ రవీందర్ సార్ ఆ ఫలితం చూసి కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. పీహెచ్‌డీకి ఎప్పుడు రావాలి సార్ అని ఆమె అడిగితే, “నీ పనిలోంచే ఒక ప్రశ్న లేచి నిన్ను కుదురుగా కూర్చోనివ్వనప్పుడు రా” అన్నాడు. ఆ ప్రశ్న తనకు దొరికిందనుకుంది సుజన. పురుగు ఈ మిరపను ఎందుకు వదిలేస్తోంది?

ఇంకో సంగతి. ఆమె మాట మీద ఈ ఏడు ఇప్పలగూడెం సగం ఊరు పత్తి మానేసి చేలకు చేలు ఆ మిరపే పెట్టింది. మందు చుక్క కొట్టకుండా.

శనివారం మధ్యాహ్నం సుజన గదిలో బట్టలు సర్దుకుంటోంది. కిటికీ అవతల వాకిట్లో పక్క పొలం బాబూరావు వచ్చి కూర్చున్నాడు. మాటా మాటా అయ్యాక అసలు సంగతికొచ్చాడు.

“ఆ అడవి విత్తనం వచ్చే ఏడు నాకూ కాస్త ఇప్పించు రామయ్యా. మందు గోల లేదంటగా?”

చెంచురామయ్య గొంతు తగ్గించాడు. తగ్గించినా ఆయన గొంతు కిటికీ దాకా వస్తుంది. పొలాల్లో అరిచి అరిచి పెరిగిన గొంతు.

“ఇస్తాలే. కానీ దాన్ని వట్టిగా వదిలెయ్యమాకు. పూత మీదకొచ్చేసరికి దాన్నీ పడుతుంది పురుగు. వారం వారం కొట్టాల్సిందే. నేను కొట్టాగా.”

“అదేంటయ్యా! మందు లేకుండా నిలబడిందనేగా మీ అమ్మాయికి సీటిచ్చింది?”

“అమ్మాయి ఆదివారాలు వచ్చి చూసుకునేది. నేను బుధవారాలు కొట్టేవాణ్ణి. ఎవరి దగ్గరా అనమాకు. పక్కోడివి, నీ పంట పోతుంటే చూస్తూ ఊరుకోలేక చెప్పా.”

సుజన చేతిలో చున్నీ అలాగే ఉండిపోయింది. విన్నది అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక చున్నీ మంచం మీద పడేసింది. వాకిట్లోకి వచ్చి నిలబడింది. ఆమె మొహం చూసి బాబూరావు, మోటరు కట్టెయ్యాలంటూ ఏదో వంక చెప్పి లేచిపోయాడు.

“ఏ మడికి కొట్టావు నాన్నా?”

ఆయన మొదట నవ్వబోయాడు. నవ్వు రాలేదు. “అడవి మడికే. వట్టిగా వదిలేసిన కంపెనీదానికి కొట్టలేదులే. అది పోవాలన్నావుగా.”

“నేనెప్పుడన్నాను?”

“నారు నాటిన రోజు అన్నావమ్మా. ఆ గట్టు మీద నిలబడి అన్నావు. ‘ఇది నా పరీక్ష నాన్నా. వాళ్ల మిరప పోయి, ఈ మిరప నిలబడితే నేను గెలిచినట్టే’ అన్నావు.”

అన్నది. నూటికి నూరుపాళ్లు ఆమే అన్నది. కాళ్లకు బురద, చేతిలో నారు, అప్పటి ఉత్సాహంలో ఏమంటున్నామో ఎవరు చూసుకుంటారు? ఆమె నోట్లో పరీక్ష అంటే పైరుకు పెట్టేది. ఆయన చెవిలో పరీక్ష అంటే కూతురు రాసేది. పదో తరగతికీ ఇంటర్‌కీ ఎంసెట్‌కీ ఆమెను బండి మీద తీసుకెళ్లి, గేటు బయట ఎండలో నిలబడి, గంట కొట్టేదాకా చేతులు నలుపుకున్న తండ్రి ఆయన. ఏ పరీక్షలోనూ ఆయన్ను గేటు దాటనివ్వలేదు. ఈ ఒక్క పరీక్ష ఆయన పొలంలోనే జరిగింది. ఇక ఆగుతాడా మనిషి!

“అడవి మడిలో ఆకులు పైకి ముడుచుకోవడం మొదలెట్టాయి తల్లీ. పూతా రాలసాగింది. ఆదివారం నువ్వొచ్చి చూసి ఏడుస్తావని...”

“ఏడిస్తే ఏడ్చేదాన్ని నాన్నా! ఏడ్చి, అదే రాసుకునేదాన్ని. పోతే పోయిందని రాస్తే కూడా నాకు పట్టా ఇచ్చేవాళ్లు. అది పోవడం కూడా ఫలితమే.”

“పోవడం ఫలితమా?” అన్నాడాయన. నిజంగానే అర్థం కాక అడిగాడు. ముప్పై ఏళ్లుగా వ్యవసాయం చేస్తున్న మనిషికి ఆ మాట ఎట్లా ఎక్కుతుంది?

సీతారావమ్మ రోకలి పక్కన పెట్టి గుమ్మంలోకి వచ్చింది. “నాకూ తెలుసే. ఆ మందు వాసన బట్టలు నేనే ఉతికా. ఇందులో తప్పుందని తెలీదు. నీ మేలుకేగా అనుకున్నాం.”

సుజనకు ఆ వాసన గుర్తుంది. మందు కొట్టే మడి పక్కనే ఉందిగా, దానిదే అనుకుంది. పురుగును భూతద్దం పెట్టి చూసిన పిల్ల, ఇంట్లో ఆరేసిన చొక్కాను చూసుకోలేదు. కోపం నాన్న మీద ఎంతొచ్చిందో తన మీదా అంతే వచ్చింది. కానీ ఆ కోపం వెనకే ఇంకో మాట గుర్తొచ్చింది.

“నాన్నా, బొజ్జయ్య బాబాయికి చెప్పావా?”

చెంచురామయ్య గుమ్మంలో ఉన్న సీతారావమ్మ వంక చూశాడు.

“బాబూరావు గారికి చెప్పావు. పక్కోడి పంట పోతే చూడలేనన్నావు. వానలప్పుడు బొజ్జయ్య బాబాయి మనింటికొచ్చి, ఈ ఏడు పత్తి మానేస్తున్నాం, మీ బిడ్డ చెప్పినట్టు మందు లేకుండా మిరప పెడుతున్నాం అని ఈ వాకిట్లోనే కదా చెప్పింది? నువ్వు మంచినీళ్లు ఇచ్చావు. అప్పుడు చెప్పావా?”

“అది అడివి గదమ్మా. అక్కడ ఇంత పురుగు ఉండదనుకున్నా.”

“అనుకున్నావా? నిజంగా అనుకున్నావా?”

ఆయన కండువా తీసి మొహం తుడుచుకున్నాడు. “లేదు. అసలు ఆ ఊసే నాకు తట్టలేదు” అన్నాడు.

అబద్ధం ఆడి ఉంటే సుజనకు ఇంత బాధ ఉండేది కాదు. చెంచురామయ్య చెడ్డవాడు కాదు. పక్క పొలంలో గొడ్డు జబ్బు చేస్తే అన్నం మానేసి కూర్చునే మనిషి. కానీ ఆయన పక్క పొలం బాబూరావు గట్టుతో ఆగిపోయింది. అడవి దాకా పోలేదు. ఆ సంగతి ఆయనకే అప్పుడు తెలిసినట్టుంది. మొహం చిన్నబుచ్చుకుని పెరట్లోకి వెళ్లిపోయాడు. ఆ రోజు ఆ ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు.

ఆదివారం పొద్దున్నే సుజన స్కూటీ తీసింది. ఎక్కడికని సీతారావమ్మ అడగలేదు. ఊరు దాటాక రెండు పక్కలా పామాయిల్ తోటలు. ఆ చీకటి నీడలో పోతూ పోతూ ఆమె ఒకటే లెక్క వేసుకుంటోంది. రేపు పోయి చేరితే ఏ మిరప గురించి చేరాలి? కింద మెట్టే డొల్ల అయితే పై మెట్టు మీద కాలు ఎలా పెట్టడం? దమ్మపేటలో బండి ఆపి రవీందర్ సార్‌కు ఫోన్ చేసింది. జరిగింది జరిగినట్టు చెప్పింది.

ఆయన ఏ మడికి కొట్టారో మళ్లీ ఒకసారి అడిగి చెప్పించుకున్నాడు.

“నువ్వు దొంగ అంకెలు రాయలేదు సుజనా” అన్నాడాయన చివరికి. “చూసిందే రాశావు. నీ తప్పేం లేదు.”

“తప్పు లేదు సార్. కానీ నిజం కూడా లేదు.”

“రేపు రాకపోతే సీటు తర్వాతవాళ్లకు పోతుంది. అది నా చేతిలో లేదు. ముందు వచ్చి చేరు. తర్వాత నెమ్మదిగా సరిచేద్దాం. తొందరపడి ఇప్పుడు ఎవరికీ చెప్పకు.”

“ఎవరికీ అంటే సార్?”

“ఎవరికీ.”

ఆయన కూడా చెడ్డవాడు కాదు. ఆమె మేలు కోరే చెప్పాడు. ఆమె మేలు కోరేవాళ్లకు ఈ మధ్య కొదవ లేదు. సుజన ఫోన్ సంచిలో వేసుకుని అడవి దారి పట్టింది.

బొజ్జయ్య చేలోనే ఉన్నాడు. ఆమెను చూడగానే మొహం విప్పారింది. “రా బిడ్డా, రా. రేపు పట్నం పోతున్నవంట గద. మీ అయ్య ఫోన్ల చెప్పిండు. పోయే ముందు మా చేను చూద్దామని వచ్చినవా?” అన్నాడు. “మంచిగ వచ్చినవ్. పూత జర రాలుతాంది. గట్లనే రాలి మల్ల వస్తదంటవా?”

సుజన సాళ్లలోకి దిగింది. చూడగానే తెలిసిపోతోంది. ఆకుల అంచులు పైకి లేచి పడవల్లా ముడుచుకున్నాయి. సాలు మధ్యలో తెల్లటి పూలు రాలి ఉన్నాయి. అయినా చూడాలి. పూలు దులిపి చూడటానికి తెల్లటిది ఏదైనా కావాలి. సంచిలో చెయ్యి పెడితే రేపు ఆఫీసులో చూపించాల్సిన సీటు కాగితం తగిలింది. దాన్నే వెనక్కి తిప్పి అరచేతిలో పరిచి, ఒక పువ్వును దాని మీద దులిపింది.

నువ్వు గింజలో సగం లేని నల్లటి నలుసులు తెల్ల కాగితం మీద పడ్డాయి. పడి, నడవసాగాయి.

ఇంకో చెట్టు దగ్గర దులిపింది. ఇంకో సాలులో దులిపింది. ప్రతిచోటా అవే. అలా పైకి పైకి పోయి, గుట్ట వైపు ఉన్న చివరి సాళ్ల దగ్గర ఆగిపోయింది. అక్కడా పూలు దులిపితే నలుసులు పడ్డాయి. కానీ అక్కడ నేల మీద పూలు లేవు. పూత చెట్టునే ఉంది. పిందె కూడా దిగుతోంది. పురుగు ఉండి పూత ఎందుకు రాలలేదు? నేల తేడానా? ఆ గుట్ట నీడనా? అన్నీ ఒకటే విత్తనం అనుకున్నవాటిలో ఇవి వేరేవా? క్షణకాలం ఆమె అన్నీ మరిచిపోయింది. కూర్చుని ఆకు వెనక్కి తిప్పి చూసింది.

“ఏంది బిడ్డా? ఏమున్నది అండ్ల?” వెనకాల బొజ్జయ్య.

సుజన లేచింది. కాగితం ఆయన ముందు పట్టింది. నాన్న చేసింది చెప్పింది. తను అన్న మాట చెప్పింది. మందు లేకుండా ఆ మిరప నిలబడుతుందని తను చెప్పింది నిజం కాదని, నిజమో కాదో అసలు తనకే తెలియదని చెప్పింది. ఏదీ దాచలేదు.

బొజ్జయ్య కాగితం మీద నడుస్తున్న పురుగులను చూస్తూ విన్నాడు. విన్నాక, నవ్వుతూ ఎదురొచ్చిన ఆ మొహం మళ్లీ కనబడలేదు.

“అంటే మీ అయ్య మీ చేన్ల మందు కొట్టిండు. నువ్వేమో మాకు కొట్టొద్దని చెప్పినవ్.”

“అవును బాబాయ్.”

“ఎర్రమ్మ మొత్తుకున్నది. పత్తే పెడదామన్నది. నా పెండ్లాం మాట నేను ఇనలే. నా మాట ఇని ఊరోళ్లు మిరప పెట్టిండ్రు. చదువుకున్న పిల్ల చెప్పింది, ఉత్తగ చెప్తదా అని ఇంటింటికి తిరిగి చెప్పిన. ఇప్పుడు ఆళ్ల మొకం ఎట్ల జూడాలె?”

“ఊరికి నేనే చెబుతాను.”

“ఎప్పుడు చెప్తవ్? అందరు పత్తి ఏరనీకి కూలికి పోయిండ్రు. పొద్దుమూకినంక వచ్చి, తిని పడుకుంటరు. ఊరంత ఒక్క తాన కూసుంటే రేపు పొద్దుగాల కూసుంటరు. రేపు నువ్వు పట్నం పోవాలె గద.”

ఆయన దెప్పడానికి అనలేదు. ఉన్న మాట అన్నాడు. సుజన చేతిలో కాగితం వంక చూసింది. పురుగులు వెనక వైపు నుంచి అంచు దాటి ముందు వైపుకు పాకుతున్నాయి. అక్కడ ఆమె పేరుంది. ఇన్నాళ్లూ ఎప్పుడు పోవాలి, ఎప్పుడు పోవాలి అని ఎంతమందిని అడిగిందో! ఆ ప్రశ్నకు సమాధానం ఇంత తొందరగా, ఇంత మామూలుగా వస్తుందనుకోలేదు.

“రేపు పోను బాబాయ్. ఇక్కడే ఉంటాను” అంది.

అనేశాక ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. బొజ్జయ్య ఓదార్చలేదు. పక్కకు తిరిగి గట్టు మీద కూర్చున్నాడు.

అప్పుడే బాటలో బండి చప్పుడు. గతుకుల్లో ఎగిరెగిరి వస్తున్న ఆ పాత టీవీఎస్ చప్పుడు సుజన ఎక్కడున్నా గుర్తుపడుతుంది. చెంచురామయ్య దిగాడు. బండి వెనక మందు కొట్టే తైవాన్ పంపు తాళ్లతో కట్టి ఉంది. ముందు సంచిలో మందు డబ్బాలు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. కూతురి వంక చూడకుండా తిన్నగా బొజ్జయ్య ముందుకు పోయి నిలబడ్డాడు.

“బొజ్జయ్యా, నీకు నేను చెప్పాల్సింది. మా వాకిట్లోకి వచ్చినప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు” అన్నాడు. “ముందు నీ చేను అవనియ్యి. తర్వాత ఊరంతా నేనే కొడతా. ఎన్ని రోజులైతే అన్ని రోజులు.”

బొజ్జయ్య అవుననలేదు, కాదనలేదు. చెంచురామయ్య పంపులో మందు కలిపి భుజానికెత్తుకున్నాడు. సుజన ఏమంటుంది? కొట్టకపోతే ఈ చేను పోతుంది. కొడితే గుట్ట వైపు సాళ్లలో తను ఇప్పుడే చూసింది చెరిగిపోతుంది. ఈ ఏడాదంతటికీ ఆమె చూసిన ఒకే ఒక్క నిజమైన సంగతి అది. ఆమెకు తెలియకుండానే ఆమె కళ్లు ఆ పై సాళ్ల మీదకే పోయాయి.

తండ్రి అది చూశాడు. ఆ చూపు వెంటే తనూ పైకి చూశాడు. పచ్చగా నిలబడ్డ పూత చూశాడు. రాత్రంతా ఆలోచించినట్టున్నాడు మనిషి. పంపు మీట మీద వేసిన చెయ్యి తీసేశాడు.

“ఏ సాలు వదిలెయ్యమంటావమ్మా?” అని అడిగాడు.

ఆ మాట కిందటేడు అడిగి ఉంటే! నాన్నకు ఇన్నాళ్లకు అర్థమైంది. సుజన చెయ్యి దానంతటదే గుట్ట వైపు లేవబోయింది.

బొజ్జయ్య గట్టు మీద నుంచి లేచాడు. నెమ్మదిగా వచ్చి చెంచురామయ్య ముందు నిలబడి, పంపు గొట్టం చేత్తో పట్టుకున్నాడు.

“వదిలెయ్యనీకి సాలు ఎవలిది బాబూ?” అన్నాడు.

అడిగింది ఆయన్ని. చూసింది సుజన వైపు.